గెట్టు మీది చెట్టు: పొరుగు హక్కు చరిత్రలో ఒక అధ్యాయం

మన పల్లెల్లో పొలం తగాదాలు చెప్పుకొనే భాషను ఒకసారి గమనించండి. హద్దు, హక్కు, దావా, వకీలు, జామీను, ఫైసలా, రాజీ. ఇవన్నీ అరబీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలు. 'హద్' అంటే అంచు. 'హఖ్' అంటే సత్యం, న్యాయంగా చెందవలసినది. 'రాజీ' అంటే తృప్తి చెందినవాడు. అరబీ అక్షరం ఎరుగని రైతు కూడా ఈ మాటలు లేకుండా తన గోడు చెప్పుకోలేడు. మాటలు నిలిచాయి గాని, వాటి వెనుక ఉన్న న్యాయ విచారణ చాలావరకు మరుగున పడింది. ఆ విచారణలో ఒక చిన్న భాగాన్ని, అంటే హద్దు దగ్గర పెరిగిన చెట్టు గురించి ఇరుగుపొరుగుల మధ్య వచ్చే వివాదాన్ని, ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

విషయం చిన్నదిగా కనిపించవచ్చు. కాని దాని బాధ అనుభవించిన వారికి తెలుసు. ఖమ్మం నుంచి తల్లాడ మీదుగా కొత్తగూడెం పోయే దారిలో ఏన్కూరు ఉంది. అక్కడి నుంచి ముందుకు సాగితే అడవి దగ్గరవుతుంది. ఈ ప్రాంతంలో పత్తి, మిరప చేల గెట్ల వెంట వేప, తుమ్మ, తాడి, టేకు చెట్లు కనిపిస్తాయి. భద్రాచలం సమీపాన సారపాకలో కాగితపు మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ తర్వాత కాలక్రమాన జిల్లాలో జామాయిల్, సుబాబుల్ తోటలు విస్తరించాయి. ఒకరి గెట్టు మీద జామాయిల్ వరుస లేచిందంటే అవతలి చేను వారకు ఎండ తగ్గుతుంది. వేర్లు తేమను లాగుతాయి. ఆ వార నాలుగు సాళ్ళు గిడసబారతాయి. తోటవాడు తన భూమిలో తాను నాటుకున్నానంటాడు. చేనువాడు తన పంట పోయిందంటాడు. ఇద్దరి మాటా నిజమే. నిన్నటిదాకా బావా, మామా అని పిలుచుకున్నవాళ్ళు ఒక కొమ్మ కోసం ఠాణా మెట్లెక్కుతారు.

ఇద్దరి మాటా నిజమైనప్పుడు న్యాయం ఎక్కడ గీత గీయాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి పద్నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది.

మదీనా తీర్పులు రెండు

దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 36వ వాక్యంలో తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల సరసన దగ్గరి పొరుగువాణ్ణి, దూరపు పొరుగువాణ్ణి కూడా పేర్కొని, వారందరి పట్ల సద్వర్తన విధించింది. భూమి హద్దుల విషయంలో దైవప్రవక్త (స) హెచ్చరికలు ఎంతో కఠినమైనవి. పొలం గుర్తులను మార్చేవాడు శాపగ్రస్తుడని హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయన్న హదీసు మనలో చాలామందికి తెలుసు. అది ఎప్పుడు ఉల్లేఖించబడిందో చాలామందికి తెలియదు. అర్వా బిన్తె ఉవైస్ అనే స్త్రీ తన నేలను హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) కలుపుకొన్నారని మదీనా పాలకుడు మర్వాన్ వద్ద ఫిర్యాదు చేసింది. ఆ హదీసును స్వయంగా విన్న తాను అటువంటి పని చేస్తానా అని ఆయన జవాబిచ్చారు. అంటే మనకు అందిన ఆ హెచ్చరిక కూడా ఒక గెట్టు తగాదా సందర్భంలో బయటికి వచ్చినదే.

ఇక చెట్టు విషయం. అబూ దావూద్ తమ సునన్‌లో తీర్పుల అధ్యాయం చివర రెండు సంఘటనలు పొందుపరచారు. మొదటిది హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించినది. ఒక ఖర్జూరపు చెట్టుకు చుట్టూ ఎంత చోటు చెందాలన్న విషయమై ఇద్దరు వ్యక్తులు దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. ఆ చెట్టు మట్టనే తీసి కొలవమని ఆదేశమైంది. అది ఏడు మూరలు ఉందని ఒక కథనం, అయిదు మూరలని మరొక కథనం. ఆ కొలత ప్రకారమే తీర్పు జరిగింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. కొలబద్దను వాది ఇంటి నుంచీ తేలేదు, ప్రతివాది ఇంటి నుంచీ తేలేదు. చెట్టు దేహమే కొలబద్ద అయింది. ఆ చెట్టు బతకడానికి, దాని పండు కోయడానికి ఎంత చోటు అవసరమో అంతే దాని హక్కు. ఈ చోటుకు ధర్మశాస్త్రంలో 'హరీమ్' అని పేరు. బంజరు నేలలో నాటిన చెట్టుకు అయిదు మూరలు హరీమ్ అని హనఫీ గ్రంథాలు నిర్ణయించాయి. ఇది బంజరుకు వర్తించే నియమం. ఇరువైపులా సొంతదారులున్నచోట ఎవరూ తమ చెట్టు పేరు చెప్పి పొరుగువాని పొలంలోకి అయిదు మూరలు కొలుచుకోవడానికి వీల్లేదు.

రెండవ సంఘటన మరింత లోతైనది. హజ్రత్ సమురా బిన్ జుందుబ్ (రజి)కు ఒక అన్సారీ తోటలో కొన్ని ఖర్జూరపు చెట్లు ఉండేవి. తోట ఒకరిది, అందులోని ఆ చెట్లు మరొకరివి. అన్సారీ కుటుంబం ఆ తోటలోనే నివసించేది. సమురా తన చెట్ల వద్దకు రాకపోకలు సాగించడం ఆ ఇంటివారికి కష్టంగా తోచింది. అన్సారీ ఆ చెట్లను తనకు అమ్మమన్నాడు, సమురా ఒప్పుకోలేదు. మరోచోటి చెట్లతో మార్చుకోమన్నాడు, ఒప్పుకోలేదు. విషయం దైవప్రవక్త (స) దాకా వచ్చింది. ఆయన కూడా అమ్మమని అడిగారు, మార్చుకోమని అడిగారు. ఆ రెండూ కుదరక పోయేసరికి, ప్రతిఫలం ఆశ చూపి దానంగా ఇవ్వమన్నారు. మూడింటికీ కాదన్న సమాధానమే వచ్చింది. అప్పుడు ఆయన సమురాను హాని చేసేవానిగా నిర్ణయించి, వెళ్ళి ఆ చెట్లను పెకలించమని అన్సారీకి అనుమతి ఇచ్చారు.

ఈ కథనాన్ని ఇమామ్ ముహమ్మద్ బాఖిర్ సమురా నుంచి ఉల్లేఖించారు. సమురా మరణించేనాటికి బాఖిర్ పసివాడు కనుక ఉల్లేఖన పరంపరలో తెగిన లంకె ఉందని హదీసు పండితులు గుర్తుచేస్తారు. అయినా న్యాయకోవిదులు దీనిని వదలిపెట్టలేదు. బైహఖీ తమ సుననె కుబ్రాలో దీనిని చేర్చారు. ఆ మహాగ్రంథం హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ ముద్రణాలయం నుంచే 1344, 1355 హిజ్రీ సంవత్సరాల మధ్య పది సంపుటాలుగా వెలువడిందని మనం సగర్వంగా చెప్పుకోవచ్చు. ఇబ్నె రజబ్ (మరణం 795 హిజ్రీ) ఇమామ్ నవవీ నలభై హదీసులలో 32వదాన్ని వివరిస్తూ ఈ సంఘటనను చర్చించారు. ఎవరికీ హాని తలపెట్టరాదు, హానికి బదులుగా హాని చేయరాదన్నదే ఆ 32వ హదీసు సారాంశం.

సమురాకు చెట్లపై హక్కు ఉంది. ఆ హక్కును ఎవరూ ప్రశ్నించలేదు. ధర ఇవ్వజూపారు, బదులు ఇవ్వజూపారు, పుణ్యం ఇవ్వజూపారు. ఆయనకు నష్టం లేని ప్రతి మార్గాన్నీ ఆయన మూసివేసిన తర్వాతనే గొడ్డలి మాట వచ్చింది. ఈ క్రమాన్ని మనసులో ఉంచుకుంటే తర్వాతి పండితుల మాటలు సులువుగా బోధపడతాయి.

కొమ్మ, మాను, నీడ

నగరాలు పెరిగి గోడలు దగ్గరైన కొద్దీ ఈ విషయంపై ప్రత్యేక గ్రంథాలే పుట్టాయి. స్పెయిన్‌లోని తుతీలా నగరానికి చెందిన ఈసా బిన్ మూసా (మరణం 386 హిజ్రీ, 996) గోడలపై 'కితాబుల్ జిదార్' రాశారు. ట్యూనిస్‌లో ఖాజీ కొలువులో కట్టడాల నిపుణుడిగా పనిచేసిన తాపీమేస్త్రీ ఇబ్నె రామీ (మరణం 734 హిజ్రీ, 1334) కట్టడాల నియమాలపై 'అల్ ఇఅలాన్' రాశారు. మాలికీ పండితులు చెట్టు ముందా, గోడ ముందా అన్న ప్రశ్నను కూడా విడిచిపెట్టక చర్చించారు. తాపీ పట్టిన చేతితోనే ఒకరు ధర్మశాస్త్ర గ్రంథం రాశారంటే, ఆ కాలపు న్యాయం ఇటుకకూ కొమ్మకూ ఎంత దగ్గరగా నిలబడిందో ఊహించవచ్చు.

హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా (మరణం 620 హిజ్రీ, 1223) తమ 'అల్ ముగ్నీ'లో ఈ విషయాన్ని ఏ అధ్యాయంలో పెట్టారో చూడండి. నేరాల అధ్యాయంలో పెట్టలేదు, ఆక్రమణల అధ్యాయంలో పెట్టలేదు. 'సుల్హ్', అంటే సంధి అధ్యాయంలో పెట్టారు. పొరుగువాని గాలిలోకి వంగిన కొమ్మను తొలగించే బాధ్యత చెట్టు యజమానిదే. వంచి కట్టడమో, కోయడమో అతడు చేయాలి. అయితే కొమ్మను అలాగే ఉంచి దాని కాయలో పొరుగువానికి భాగమిచ్చే ఒడంబడిక చెల్లుతుందా అన్న ప్రశ్న కూడా అక్కడే వస్తుంది. తాబయీ పండితుడు మక్‌హూల్ అభిప్రాయం ఈ సందర్భంలో పేర్కొనబడింది. ఆయన దృష్టిలో, చెట్టు ఎవరిపై కమ్ముకొందో వారు ఆ కమ్మిన మేర కోయవచ్చు, లేదా దాని పండు తినవచ్చు.

హనఫీ న్యాయాన్ని చట్టరూపంలో అమర్చిన మొదటి పెద్ద ప్రయత్నం ఉస్మానీ సామ్రాజ్యంలో జరిగింది. అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వాన 1869, 1876 మధ్య వెలువడిన 'మజల్లా'లో 1851 నిబంధనలున్నాయి. వాటిలో 1196వది అచ్చంగా మన విషయమే. ఒకని తోటలోని చెట్టు కొమ్మలు పొరుగువాని ఇంటిపైకో తోటపైకో వ్యాపిస్తే, వాటిని వెనక్కు కట్టించమనో కోయించమనో కోరి తన గాలిని ఖాళీ చేయించుకొనే హక్కు పొరుగువానికి ఉంది. అయితే చెట్టు నీడ వల్ల తన పైరు దెబ్బతింటున్నదనే కారణంతో చెట్టునే నరికించడానికి వీల్లేదు.

ఇక్కడ మూడు విషయాలు విడివిడిగా నిలబడ్డాయి. మాను యజమానిది. కొమ్మ హద్దు దాటిన మేర పొరుగువాని ఫిర్యాదుకు లోబడుతుంది. నీడ మాత్రం ఎవరి ఫిర్యాదుకూ లోబడి చెట్టు ప్రాణం తీయలేదు. దీని భావం స్పష్టమే. నీడ చెట్టుకు సహజం. నీడ పడిందని చెట్టును కొట్టవలసి వస్తే హద్దు దగ్గర ఎవరూ ఒక మొక్క నాటలేరు.

మరి వేరు సంగతి? తర్వాతి నిబంధనలు దానికి దారి చూపుతాయి. తన ఆస్తిలో తన ఇష్టం వచ్చినట్లు చేసుకొనే స్వేచ్ఛ అందరికీ ఉంది, కాని దానివల్ల ఇతరులకు 'జరరె ఫాహిష్', అంటే తీవ్రమైన హాని కలిగితే అడ్డుకోవచ్చు. కట్టడాన్ని బలహీనపరచేది, లేదా ఇంటి మూలావసరానికి అడ్డుపడేది తీవ్రమైన హాని అని నిర్వచనం. వేరు గోడను పగులగొడితే అది ఈ నిర్వచనంలోకి వస్తుంది. దిగుబడి కొంత తగ్గడం అంత సులువుగా రాదు. చెట్టు మొదలే సరిగ్గా హద్దు మీద ఉంటే అది ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఆస్తిలో భాగస్వామి వాటాకు రెండవవాడు పరాయివాడే కనుక ఒక్కడే పోయి దానిని నరకడానికి వీల్లేదు.

మజల్లా చూపిన మరొక సున్నితమైన అంశాన్ని చెప్పకుండా ముందుకు పోలేం. పండు కోయడానికి చెట్టెక్కినవానికి పొరుగింటి ఆడవారుండే చోటు కనిపించేటట్లయితే, ఎక్కే ప్రతిసారీ ముందుగా కబురు చేయాలి. చేయకపోతే న్యాయస్థానం అడ్డుకోవచ్చు. మన పల్లెల్లో తాడిచెట్టెక్కితే నాలుగిళ్ళ పెరళ్ళు కనిపిస్తాయి. ఎక్కవద్దని చట్టం అనలేదు, ఒక్క కేక వేసి ఎక్కమన్నది.

గోదావరికి ఇటూ అటూ

ఈ న్యాయం మన ప్రాంతానికి ఎంతవరకు చేరింది? 1948 దాకా ఏన్కూరు నిజాం రాజ్యంలోనిది. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు రాజధానిలోనిది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో చేరింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడినప్పుడు ఏన్కూరు ఖమ్మంలోనే నిలిచింది. ఒకే నది రెండు ఒడ్లలో రెండు పరిపాలనలు నడిచాయన్నమాట.

మద్రాసు వైపు 1873 నాటి సివిల్ కోర్టుల చట్టం వారసత్వం, వివాహం, మతాచారం వంటి విషయాలలో మాత్రమే ముస్లిం న్యాయాన్ని అనుసరించమన్నది. మిగిలినవాటికి న్యాయం, సమత, మనస్సాక్షి ఆధారమన్నది. అంతకు ముందే, 1870లో, మద్రాసు హైకోర్టు పొరుగువానికి ముందుగా కొనే హక్కునిచ్చే 'షుఫా'ను అంగీకరించలేదు. 1882లో ఈజ్‌మెంట్ల చట్టం వచ్చింది. పొరుగు భూమి మీదుగా నడక, నీరు, వెలుతురు వంటి సౌకర్య హక్కులను నిర్ణయించే ఈ చట్టం మొదట అమలైన ప్రాంతాలలో మద్రాసు రాజధాని ఒకటి. నిజాం వైపు మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలం (1853–1883) నుంచి న్యాయస్థానాలు కొత్త రూపు దాల్చాయి. 1921 ఫర్మానాతో న్యాయశాఖ పరిపాలన నుంచి వేరయింది. 1317 ఫసలీ భూమి శిస్తు చట్టం సర్వేనూ హద్దు గుర్తులనూ రెవెన్యూ యంత్రాంగం చేతిలో ఉంచింది. సర్వే రాయి చెట్టు మొదలు ఎవరిదో చెబుతుంది. కొమ్మ ఎంతదాకా పోవచ్చునో, వేరు ఎక్కడ ఆగాలో రాయి చెప్పదు.

ఆ లోటును కోర్టు తీర్పులు పూరించాయి. హద్దు దాటిన కొమ్మలను పొరుగువాడు అవతలి భూమిలో కాలు పెట్టకుండా, ముందుగా చెప్పకుండానే కోసుకోవచ్చునని 1894లో బ్రిటిష్ ప్రభువుల సభ 'లెమన్, వెబ్' వివాదంలో తేల్చింది. అదే ఏడాది బొంబాయి హైకోర్టు, కొమ్మ పొరుగు భూమిపై ఎంతకాలం వంగి ఉన్నా ఆ కారణంగా చెట్టు యజమానికి అక్కడ హక్కు పుట్టదని తీర్పు చెప్పింది. 1919లో ఇంగ్లాండులో మరో వివాదం వచ్చింది. తనవైపు వంగిన ఆపిల్ కొమ్మల కాయలను ఒకాయన కోసి అమ్ముకొన్నాడు. కొమ్మ కోసే హక్కు ఉన్నా కాయ చెట్టు యజమానిదేనని కోర్టు తేల్చింది.

పాఠకులు రెండు న్యాయాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. కొమ్మ విషయంలో రెండూ దాదాపు ఒకే చోటికి చేరాయి. తేడా అంతా వరుసలో ఉంది. ప్రభువుల సభ చూపిన దారిలో కోయడం హక్కు, చెప్పడం మర్యాద. ఫిఖహ్ చూపిన దారిలో యజమానికి చెప్పడం, కట్టించడం, ఒడంబడిక చేసుకోవడం న్యాయంలోనే మెట్లు. మొదటి దారి త్వరగా ముగుస్తుంది. రెండవ దారిలో ఇద్దరూ మర్నాడు కూడా పొరుగువారుగానే మిగులుతారు.

గొడ్డలికి ముందు

నేడు ఈ ఫిఖహ్ నియమాలు మన కోర్టుల్లో చెల్లవన్న సంగతిని దాచిపెట్టి లాభం లేదు. 1937 షరీఅత్ చట్టం జాబితాలో వివాహం, విడాకులు, మహర్, దానం, వక్ఫ్ వంటివి ఉన్నాయి గాని పొరుగు తగాదాలు లేవు. చెట్టు వివాదం సివిల్ కోర్టుకు పోతే అందరికీ ఒకే చట్టం. కూలిపోయేలా ఉన్న చెట్టు వల్ల ప్రాణాపాయముంటే కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. 1973 నేర విచారణ స్మృతిలో 133వ సెక్షన్‌గా ఉన్న ఈ అధికారం 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి అవసరమయ్యే సందర్భాలున్నాయి కనుక, సొంత చెట్టయినా సరే ముందు విచారించుకోవాలి. కోపంలో పొరుగువాని చెట్టును నరికినవాడు నేరస్థుడిగా నిలబడే ప్రమాదం ఎటూ ఉంది.

అయితే కోర్టులో చెల్లనంత మాత్రాన ఆ నియమాలు వ్యర్థమైపోయాయా? వాటిలో చాలా భాగం మన చేతిలోనే ఉంది. చెట్టు మనదైతే, పొరుగువాడు అడగకముందే కొమ్మను కట్టడానికి ఏ కోర్టు అనుమతీ అక్కరలేదు. జామాయిల్ నాటేటప్పుడు గెట్టు నుంచి కొంత ఎడం వదలడానికి ఏ చట్టమూ అడ్డురాదు. మజల్లా నీడకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కాని అది నరకవద్దని పొరుగువానికి చెప్పిన మాట. నాలుగు వరుసలు కావాలని హద్దు మీదకు నెట్టి నాటమని తోటవానికి ఇచ్చిన సలహా కాదు. సమురా ఉదంతం మనకు చెప్పేది ఇదే: హక్కు ఉండటం వేరు, దానిని ఇతరుల ఇబ్బందికి సాధనంగా పట్టుకొని కూర్చోవడం వేరు. ఇక చేను మనదైతే, నీడకు నాలుగు సాళ్ళు తగ్గినప్పుడు చెట్టు ప్రాణం అడగకుండా కొమ్మ నరకమనో, కలపలో కొంత భాగమివ్వమనో అడగడం న్యాయమైన కోరిక.

మరొక సంగతి. ఏన్కూరు వైపు మన పొరుగువాడు కోయ కావచ్చు, లంబాడీ కావచ్చు, మరే కులంవాడైనా కావచ్చు. అతనికి ఫిఖహ్‌తో సంబంధం లేదు, దానిని అతనిపై ప్రయోగించే అధికారం మనకు లేదు. కాని పొరుగువాని హక్కుకు మతంతో పని లేదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన ఇంటివారిని అడిగిన సంగతి అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. కాబట్టి ఈ నియమాలు మొదట మన చెట్టుకే వర్తించాలి, పొరుగువాని చెట్టు సంగతి ఆ తర్వాత.

'పోరు నష్టం, పొందు లాభం' అని మన పెద్దలు చెప్పే మాట ఈ చరిత్రకు సరిగ్గా అతుకుతుంది. మన వాడుకలో రాజీపడటం అంటే కొంత ఓడిపోవడమనే అర్థం స్థిరపడింది. అరబీలో ఆ మాటకు తృప్తి అని అర్థం. మదీనాలో ఖర్జూరపు మట్టను కొలిచిన రోజు ఒకడు గెలిచి ఒకడు ఓడినట్లు గ్రంథాలు రాయలేదు. కొలత ఎంత వచ్చిందో మాత్రమే రాశాయి. గెట్టు దగ్గర నిలబడిన ఇద్దరు రైతులు ముందుగా గొడ్డలి తేకుండా కొలతాడు తెచ్చుకుంటే, ఆ పాత మాటకు దాని పాత అర్థం తిరిగి వస్తుంది.